అద్దం సంగతి

ఏలూరులో జమీలా గారికి,

తాడేపల్లిగూడెం నుంచి మీ తాపీమేస్త్రిని. నమస్కారమండి. ఫోన్లో అడగడానికి మొహమాటపడి రాస్తున్నాను.

మీ బాత్‌రూములో వాష్‌బేసిన్ పెట్టడానికి కాంక్రీటు గట్టు ఇక్కడే మా ఇంటిదగ్గర పోతపోశాను. పంపేముందు ఎందుకో అనుమానం వచ్చి, తెలిసినవాళ్ళ చక్రాల కుర్చీ అడిగి తెచ్చుకుని, అందులో గట్టు ముందు కూర్చుని చూశాను. మోకాళ్ళు గట్టుకి కొట్టుకున్నాయి. కుళాయి ఉండేచోటు చేతికందలేదు. ముప్పయ్యేళ్ళుగా నేను నిలబడేవాళ్ళకే కడుతున్నానని అప్పుడు తెలిసింది.

మా ఆవిడ నాగదుర్గ నవ్వి, "ఎలా కావాలో ఆవిణ్ణే అడగొచ్చు కదండీ" అంది. నిజమే. మీ ఇంటికొచ్చిన రోజు కొలతలన్నీ మీ అన్నయ్య జాహిద్ గారినే అడిగాను. పక్కనే చక్రాల కుర్చీలో ఉన్న మిమ్మల్ని ఒక్క మాటైనా అడగలేదు. మన్నించండి.

ఆ గట్టు పగలగొట్టేశాను. ఈసారి కింద మోకాళ్ళకి చోటు వదిలి, అంచు గుండ్రంగా పోస్తాను. మీరు కుర్చీ ఎటువైపు నుంచి తిప్పుకుని వస్తారు? కుళాయి ఏ చేతికి దగ్గరుండాలి? మీరు చెప్పేదాకా సిమెంటు కలపను.

ఇంకొక్క మాటండి. అద్దం అక్కర్లేదని మీ అన్నయ్యగారు అన్నారు. మీరేమంటారు?