సేఠ్ చెప్పాడు, బాపు తల ఊపాడు

కోనరావుపేట,
12 జూలై 2020

ప్రియమైన బాపుకు,

సంతోషి నమస్కారాలు. ఫోన్ ఉండగా ఉత్తరమేంటి అనుకోకు. మొన్న ఫోన్‌లో "లెక్కల టెస్ట్ పోయింది బాపూ" అంటే, "మంచిగైంది బిడ్డా" అని పెట్టేశావు. కోపం వచ్చిందా? లాక్‌డౌన్‌లో అమ్మా నేనూ అమ్మమ్మ ఊరికి వచ్చేశామని దిగులా? అర్థంకాక రాస్తున్నాను.

సూరత్ బడివాళ్లు పదో తరగతి పాఠాలన్నీ ఆన్‌లైన్‌లోనే చెబుతున్నారు. అమ్మ ఫోన్‌లో సారు రాసే లెక్కలు చీమల బారులా కనిపిస్తున్నాయి. కంప్యూటర్ కొనివ్వు బాపూ. ఇక్కడ కరెంటు ఊరికే పోతుంది, సిగ్నల్ డాబా మీదే వస్తుంది. అందుకని చంకలో పెట్టుకుని ఎక్కగలిగే లాప్‌టాప్ కావాలి. బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుంది, కెమెరా, మైకు ఉన్నాయా అని తప్పకుండా అడుగు.

నీ బిడ్డ,
సంతోషి

వడోద్, సూరత్,
24 జూలై

ప్రియమైన బిడ్డ సంతోషికి,

బాపు దీవెనలు. కోపమేం లేదు. ఆ రోజు కార్ఖానాలో బట్ట నేసే సాంచాల మోత ఎక్కువైంది, అంతే.

కంప్యూటర్ కొన్నాను! ఆదివారం రాజలింగాన్ని వెంటబెట్టుకుని పోయాను. పద్దెనిమిదేళ్లుగా నా పక్క సాంచా అతనిదే, తెలివైనవాడు. దుకాణంలో అన్నిటికంటే పెద్దది చూపించి, నువ్వు రాసినవన్నీ అడిగాను. సేఠ్ మాస్కు కట్టుకుని, చేతులు ఊపుకుంటూ చాలాసేపు వివరించాడు. నేను తల ఊపాను. రాజలింగం కూడా ఊపాడు. సేఠ్ మళ్లీ మొదటి నుంచి వివరించాడు. ఇద్దరం మళ్లీ ఊపాం.

ఏం వస్తువు బిడ్డా! ఆన్ చేస్తే లోపల ఎర్రవి, పచ్చవి, నీలివి లైట్లు తిరుగుతాయి, అచ్చం వినాయకుడి మండపమే. రెండు స్పీకర్లు కూడా తీసుకున్నాను, ఒక్కొక్కటి నీళ్ల బిందె అంత ఉంది. దాచుకున్నదంతా పెట్టేశాను, పోనీ. డాబా ఎక్కించడానికి నలుగురిని చూసి పెట్టమని మీ అమ్మకు చెప్పు.

నీ బాపు,
రాజమౌళి

కోనరావుపేట,
3 ఆగస్టు

ప్రియమైన బాపుకు,

నీ ఉత్తరం చదివి అమ్మ నవ్వింది, నేను ఏడ్చాను. అమ్మమ్మ మాత్రం "గట్టిదే ఉన్నట్టుందే, మేక తన్నినా ఏం గాదు" అంది.

బాపూ, అది ఆటలాడుకునే కంప్యూటర్. దానికి బ్యాటరీయే ఉండదు. పంపకు.

ఇంకో సంగతి. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సేఠ్ ఏం చెప్పాడో అందులో ఒక్క మాట కూడా లేదు. ఇంట్లో నేను వెనక నుంచి పిలిస్తే నువ్వు పలికేవాడివి కాదు. ఎదురుగా నిలబడితే అన్నీ అర్థమయ్యేవి. పెదాలు చూసేవాడివి కదా? ఫోన్‌లో పెదాలు కనపడవు. మాస్కు వెనక కూడా కనపడవు. నీకు వినపడటం లేదని మాకెందుకు చెప్పలేదు బాపూ?

దీనితో హిందీలో ఒక కాగితం రాసి పెట్టాను. అది సేఠ్‌కు చూపించు, జవాబులు రాసిమ్మను. సిగ్గుపడకు.

నీ మీద బెంగతో,
సంతోషి

వడోద్,
17 ఆగస్టు

ప్రియమైన బిడ్డకు,

నువ్వు కనిపెట్టింది నిజమే. వినపడటం తగ్గి ఏళ్లయింది. ఆ మోతలో అందరం పెదాలు చూసే మాట్లాడుకుంటాం, కాబట్టి ఎవరికీ తెలియలేదు. తెలిస్తే పని పోతుందని భయం. నువ్వు చిన్నబోతావేమోనని ఇంకా పెద్ద భయం.

ఆదివారం ఆ డబ్బాలన్నీ ఆటోలో వేసుకుని నేనూ రాజలింగం మళ్లీ పోయాం. నీ కాగితం సేఠ్ చేతిలో పెట్టి, "సేఠ్, నాకు ఇనబడదు! లిఖ్ కే దో!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, రోడ్డు మీద చాయ్ తాగేవాళ్లు లోపలికి తొంగి చూశారు.

సేఠ్ తలపట్టుకుని రాశాడు: "చదువుకునే పాపకు ఇది వద్దు, లాప్‌టాప్ తీసుకోండని ఆ రోజు నాలుగుసార్లు చెప్పాను. మీరిద్దరూ తల ఊపి దీన్నే ఎత్తుకుపోయారు!"

నేను రాజలింగం వైపు తిరిగి, "నువ్వన్న చెప్పొద్దా?" అన్నాను. అతను నా చేతిలో కలం లాక్కుని రాశాడు: "నాకూ ఇనబడదు. నువ్వు ఇంటున్నవ్ గదా అని తల ఊపిన."

మాస్కులు కట్టుకున్నప్పటి నుంచి రోజూ ముచ్చట్లాడుకుంటూ కార్ఖానాకు నడిచిపోతున్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇద్దరికీ తెలియదు. సేఠ్ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నవ్వుతూనే పాతది వెనక్కి తీసుకుని లాప్‌టాప్ ఇచ్చాడు. బ్యాటరీ ఆరు గంటలట. కెమెరా, మైకు రెండూ ఉన్నాయి. మీ పక్కనున్న సిరిసిల్లకు వచ్చే బట్టల లారీలో పంపుతున్నాను.

వచ్చే సోమవారం మేమిద్దరం చెవుల డాక్టరు దగ్గరికి పోతున్నాం. ఏదైనా పెద్ద అక్షరాలతో రాయమని ఆయనకు చెప్పాలి. రాజలింగానికి చూపు కూడా తగ్గిందట. అది ఇవాళే బయటపెట్టాడు.

నీ బాపు,
రాజమౌళి