పోలింగ్ రోజు సెలవు

బావగారికి నమస్కారం.

ఎన్నికల అధికారి బావమరిదే ఓటు వేయకపోతే తలెక్కడ పెట్టుకోవాలని మీరు నిలదీశారు. జనం ఓటు వేయాలని పట్టుబట్టి సెలవు ఇప్పించింది మీరే. సెలవు దొరికేసరికి ఊరు ఊరంతా మా జూ మీదికి వచ్చిపడింది. ఆ రద్దీకి టికెట్ల కౌంటర్లో కూర్చునే నా సెలవు రద్దయి, ఓటుకు వెళ్లడం కుదరలేదు. పోలింగ్ పడిపోయిందని మీకు చీవాట్లు, టికెట్లు బాగా తెగాయని నాకు మెచ్చుకోళ్లు!

ఇంకో మాట, కోప్పడకండి. పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని అందరికంటే ముందు వచ్చింది మా అక్కయ్యే.

“ఓటేశావా?” అని అడిగాను.

“ఏడాదంతా మీ బావ చెప్పిందే చేస్తున్నాను కదరా! ఈ ఒక్కరోజైనా నాకు సెలవు వద్దూ?” అంది.

వచ్చే ఎన్నికలప్పుడు ఓటు వేయొద్దని ఇంట్లో గట్టిగా చెప్పి చూడండి. క్యూలో మొదట అక్కయ్యే ఉంటుంది.

ఇట్లు,
మీ బావమరిది