వాన దిగిన మూల

టవిన్,
6 నవంబరు 1983

ప్రియమైన ఇద్వాల్‌కి,

ఇక్కడ నేనూ లోవ్రీ ఒంట్లో కులాసాగానే ఉన్నాం. నువ్వు చల్లగా ఉండాలని రాయబోయి ఆగాను. నువ్వున్న మంచు ఖండానికి ఆ మాట నప్పదు. వెచ్చగా ఉండు.

మార్చిలో ఆఖరి ఓడకిచ్చిన నీ ఉత్తరం మాకు మే నెలలో అందింది. అప్పట్నించి మన మధ్య నెలకోసారి వైర్‌లెస్ మీద పంపే ఆ వంద మాటలే. అవీ ఎవరో విని, టైపు కొట్టి నీ చేతికిచ్చేవి. వాటిలో ఏం చెప్పుకుంటాం? వచ్చే వారం మొదటి ఓడ బయలుదేరుతోందట. అందుకని నీ ఉత్తరం ముందు పెట్టుకుని, అడిగినవన్నీ వరసగా చెబుతున్నాను.

లోవ్రీకి ముందు పళ్ళు రెండూ ఊడాయి. ఒకటి నీకోసం అగ్గిపెట్టెలో దాచింది. బడిలో ఎవరో “మీ నాన్న ఎక్కడ?” అంటే, “ప్రపంచం అడుగుకి వెళ్ళాడు, వాన ఆగాక వస్తాడు” అందట. ఇక్కడ వాన ఆగడమేమిటి చెప్పు!

“కారవాన్‌లో ఆ తడికి ముక్కిన వాసన ఇంకా ఉందా? అమ్మేయకండి” అని రాశావు. అమ్మలేదు. ఆ చక్రాల ఇల్లు ఇంకా మన పెరట్లోనే ఉంది. అయితే పక్క పొలం గ్విలిమ్ మాత్రం రోజూ కంచె దగ్గర నిలబడి మామయ్యని, అదే మీ నాన్నని, ఏడిపించేవాడు.

“అందులో పుట్టగొడుగులు వేసుకో టెగ్విన్. పరుపు కింద బాగా పండుతాయి.”

“ముందు నీ బుర్రలో తడి ఆర్చుకోరా. నా బండి సంగతి తర్వాత చూద్దువుగాని,” అనేవారు మామయ్య.

నీ ఉత్తరం చదివిన మర్నాడే ఆయన పని మొదలుపెట్టారు. మంచం పక్క కిటికీ కింద గోడ నల్లబడింది గదా, అక్కడ బొటనవేలితో నొక్కితే టీలో నానిన రొట్టెలోకి దిగినట్టు వేలు దిగిపోయింది. కారేది కిటికీయే అన్నాను నేను.

“నీళ్ళు దొంగలాంటివి అమ్మాయ్. దూరేది ఒకచోట, దొరికేది ఒకచోట. కింద నుంచి మొదలుపెట్టి పైకి పోదాం. పైనుంచి పోస్తే అంతా తడిసి, దేనిదీ తెలియదు.”

ఆయన టార్చి పట్టుకుని లోపల నేల మీద పడుకున్నారు. నేను బయట రబ్బరు బూట్లేసుకుని నీళ్ళ పైపుతో నిలబడ్డాను. ముందు చక్రాల దగ్గర, తర్వాత కిటికీ కింద, తర్వాత కిటికీ చుట్టూ, ఒక్కోచోట పది నిమిషాలు.

“వస్తోందా మామయ్యా?”

“లేదు. నువ్వు పైపు పట్టావా, పూలమొక్కలకి పోస్తున్నావా?”

“మీరు మెలకువగానే ఉన్నారా అని!”

కిటికీ దగ్గర చుక్క రాలేదు. నిచ్చెనెక్కి పైకప్పు అంచుకి పైపు పెట్టాను. అక్కడ గుడారం గుడ్డ తగిలించే అల్యూమినియం పట్టీ ఉంటుంది కదా, దాని ముందు మూలన పెట్టిన కాసేపటికి లోపలినుంచి కేక వినిపించింది: “ఆపు, ఆపు! దొరికాడు దొంగ!” పట్టీ మరలు తుప్పు పట్టి, కిందనున్న జిగురు ఎండి బిస్కట్టులా పొడైపోయింది. ఆ మూలన దిగిన వాన లోపలి చెక్క వెంట ఆరడుగులు పాకి కిటికీ కింద తేలుతోంది. ఇన్నేళ్ళూ మనం కిటికీని తిట్టాం.

సంబరంగా లోపలికి పరిగెత్తాను. ఆయన లేవలేదు. టార్చి పక్కన పడి వెలుగుతోంది. రెండు చేతులతో కడుపు పట్టుకుని ఉన్నారు, ముఖం నిండా చెమట.

ఇద్వాల్, “నాన్న ఎలా ఉన్నాడు?” అని నువ్వు రెండుసార్లు అడిగావు. ఆ ప్రశ్నని చివరికి ఉంచాను. ఇంక కిందికి జరపడానికి చోటు లేదు.

మీ నాన్న పోయారు. ఆగస్టు పంతొమ్మిదిన, పొద్దున్న, మన ముందు గదిలో. కడుపులో కాన్సరు. ఆబెరిస్ట్‌విత్ ఆసుపత్రి డాక్టరు మే నెలాఖరులోనే చెప్పేశాడు. బస్సులో తిరిగి వస్తూ మామయ్య నా చేత ఒట్టు వేయించుకున్నారు. “ఓడ లేదు, దారి లేదు. చెబితే వాడు ఆ నెలల తరబడి చీకట్లో ఏం చేస్తాడు? గోడలు గుద్దుకుంటాడు. వద్దమ్మాయ్.” అందుకే జూన్‌లో “నాన్న కులాసా” అని పంపాను. జూలైలోనూ, ఆగస్టు మొదట్లోనూ అదే పంపాను. ఆయన పోయాక, సెప్టెంబరులోనూ అక్టోబరులోనూ మీ నాన్న ఊసే ఎత్తలేదు. నువ్వడిగినా బదులివ్వలేదు.

ఇది ఆయన మాట నిలబెట్టడం అని నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. పోవడానికి వారం ముందు ఆయన మనసు మారింది. “వాడికి చెప్పెయ్ మెరెరిడ్. వాడి మాట ఒక్కటి వినాలనుంది,” అన్నారు. అత్యవసరమైతే చేయమని నీ ఆఫీసు వాళ్ళిచ్చిన నంబరు డ్రాయరులోనే ఉంది. ఫోను దాకా వెళ్ళాను. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని నువ్వు అడుగుతావన్న భయంతో నంబరు తిప్పకుండానే వెనక్కి వచ్చేశాను. రేపు చేద్దాం అనుకున్నాను. మర్నాడూ అంతే.

మూడో రోజు ఆయన “ఏమన్నా వచ్చిందా?” అన్నారు. వచ్చిందన్నాను. కారవాన్‌లో కూర్చుని నీ పేరుతో నేనే రాసి, తెచ్చి చదివాను. నువ్వు ఆయన్ని తలుచుకుంటున్నావనీ, కొయ్యపని నేర్పినందుకు ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదనీ, ఇప్పుడు చెబుతున్నావనీ రాశాను. కళ్ళు మూసుకుని విన్నారు. “ఇంకోసారి,” అన్నారు. మళ్ళీ చదివాను. నీ గొంతుతో మీ నాన్నకి దక్కాల్సిన ఆఖరి మాట నేను దొంగిలించాను ఇద్వాల్. ఎన్ని రకాలుగా రాసి చూసినా అది ఇంతకన్నా చిన్నది కావడం లేదు.

ఆయన్ని మీ అమ్మ పక్కనే పెట్టాం. గ్విలిమ్ శవపేటిక మోశాడు, దారి పొడుగునా ఏడ్చాడు. తర్వాత నేను ఆ పట్టీ విప్పి, కుళ్ళిన చెక్క కోసి కొత్తది అతికి, మెత్తని కొత్త జిగురు పట్టీ పరిచి మరలు బిగించాను. నిచ్చెన గ్విలిమ్ పట్టుకున్నాడు, ఒక్క వేళాకోళం కూడా ఆడకుండా. అక్టోబరంతా వాన. లోపల పొడిగా ఉంది. అందులోకి వెళ్తే మాత్రం కూర్చోలేకపోతున్నాను.

ఆ రోజు రెండోసారి చదివాక, జవాబు రాసుకోమని మామయ్య చెప్పారు. నేను రాశాను. ఒక్క అక్షరం మార్చకుండా ఇది:

“ఇద్వాల్, నీ ఉత్తరం అందింది. నీకింత బాగా రాయడం వచ్చని నాకు తెలియదు. రెండో వైపు పట్టీ కూడా పాతదే, వచ్చే ఏడు నువ్వు విప్పు. నాకు నొప్పి పెద్దగా లేదు. మెరెరిడ్‌ని ఏమీ అనకు.”

ఆ ఆఖరి మాట రాస్తూ, నేను చదివిన ఉత్తరం ఎవరిదో ఆయనకి తెలిసిపోయిందా అని తలెత్తి చూశాను. ఆయన కళ్ళు తెరవలేదు. “రాశావా?” అన్నారు. రాశానన్నాను.

ఆ మాటకి నువ్వు కట్టుబడాలని నేను అడగను. ఏమనాలనిపిస్తే అది అను, వింటాను.

ఇట్లు,
నీ భార్య,
మెరెరిడ్