ఈశాన్యంలో పెట్టిన ఫోన్

చిరంజీవి విష్ణుతేజకు అమ్మ దీవెనలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. వేదపాఠశాలలో పూటపూటకూ గడ్డ పెరుగు వేస్తున్నారని రాశావు, నా ప్రాణం కుదుటపడింది.

పాఠశాల ఆఫీసు నుంచి ఎన్నిసార్లు చేసినా నాన్న ఫోన్ కలవలేదేమని అడిగావు. సాయికిరణ్ మామ జపాన్ నుంచి తెచ్చిచ్చిన ఫోన్‌తో వచ్చిన తంటా అది. ప్రొద్దుటూరులో మోగుతుంది, పులివెందులలో మోగుతుంది, మన ఊళ్లోకి రాగానే మూగనోము పడుతుంది. నాన్న మంచి గడియలు చూసి మరీ మూడు సిమ్ములు మార్చారు. చివరికి "ఈశాన్యంలో పెడితే పలుకుతాదిలే" అని దేవుడి గూట్లో పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఈలోగా అయ్యవారికి పొగరెక్కింది, ఫోనెత్తడం లేదని మాట పుట్టింది. మూడు తరాలుగా పురోహితానికి మనల్నే పిలిచే సింహాద్రిపురం బట్టల కొట్టు గురుప్రసాద్, కూతురి పెళ్లికి జమ్మలమడుగు పురోహితుణ్ణి అడగబోతున్నాడని తెలిసింది. ఆ ఇల్లు పోతే మిగతా ఇళ్లూ పోతాయి. నాన్నకు అన్నం సహించలేదు.

నేను ఫోన్ సంచిలో వేసుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాను. సెల్ షాపు ఆస్మా మోడల్ నంబరు చూసి నవ్వింది.

"మీ ఊర్లో టవర్ ఎనిమిదొందల యాభై బ్యాండు మీదనే నడుస్తాందమ్మా. ఈ ఫోన్‌లో ఆ బ్యాండే లేదు, ఆ సిగ్నల్ దీనికి అందదు. ఈడ వేరే బ్యాండ్లు గూడా ఉండాయి, అందుకే మోగుతాంది. సిమ్ములు ఎన్ని మార్చినా ఏం లాభం?"

ఇంటికి రాగానే వంటింట్లో నిలబడి గురుప్రసాద్‌కు నేనే ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"తప్పు ఫోన్‌దా? మేము అయ్యవారిదనుకుంటిమే. అట్లయితే ముహూర్తం ఆయనే పెట్టాల" అన్నాడు. గెలిచాను నాయనా.

ఏ ఫోన్‌తో చేశానంటావా? మామ ఇచ్చినదాన్ని ఆస్మాకే ఇచ్చేసి, మన టవర్‌కు పలికే మామూలు ఫోన్ మార్చి తెచ్చాను. నాన్నతో రిపేరుకిచ్చానని అబద్ధమాడాను. మూడో రోజు ఉండబట్టలేక నిజం చెప్పేశాను. "ఊరికే దేవుణ్ణి ఇబ్బంది పెట్టినాను గదే" అన్నారు. మామకు మాత్రం ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు.

నిన్న ఒక్కరోజే పదకొండు ఫోన్లు వచ్చాయి. ఎత్తి ఎత్తి విసిగి, నాన్న ఫోన్‌నూ పంచాంగాన్నీ నా ఒళ్లో పెట్టారు. "తేదీలు నువ్వే చూసి చెప్పు మీనాక్షీ" అన్నారు. ఇరవై రెండేళ్ల కాపురంలో పంచాంగం నా చేతికివ్వడం ఇదే మొదలు. ఇన్నేళ్లూ పక్కన కూర్చుని విన్నదాన్నే కదా, ఆరుగురికి చూసి చెప్పాను. రాత్రి నాన్న అన్నీ సరిచూశారు. ఒక్కటీ తప్పు లేదు.

ఇట్లు,
నీ క్షేమం కోరే అమ్మ,
మీనాక్షి