అవ్వ గుర్తుపట్టని ఫోటో

అమ్మా,

నా మచ్చల మందు ట్యూబు సంచిలో వేసుకోని పోతా ఉండా, వెతకొద్దు. రెండు నెలలు రావాల్సింది పది దినాలకే ఖాళీ అయి చప్పిడైపోతే ఎవురు పూసుకున్నారో నాకు తెలీదా? నీ బుగ్గలు కందిపోయి మండతా ఉంటే ఎండ దెబ్బ అంటివి.

అది అందానికి పూసుకునే స్నో కాదమ్మా. డాక్టరమ్మ నాకని రాసిచ్చిన మందు. రాత్రిపూట, మచ్చ మీద మాత్రమే, కందిగింజంత పూసుకోవాల. నువ్వేమో పొద్దున్నే మొహమంతా రుద్దుకోని టమోటా తోటలోకి పోయినావు. ఆ మందు మీద ఎండ పడితే నీ బుగ్గల మీది మంగు మచ్చలు ఇంకా నల్లబడతాయి.

ఈ పొద్దు మొహానికి పసుపు, నిమ్మకాయ ఏమీ వద్దు. ఉత్త చన్నీళ్లతో కడుక్కో. తోటకు పోవద్దు, నాయనకు చెప్పినా. నాలుగింటికి తిరుపతి బస్టాండుకు వచ్చెయ్. నేను రేణిగుంటలో డ్యూటీ దిగి నేరుగా ఆడికే వస్తా. డాక్టరమ్మకు చూపిద్దాం. నీకని ఆమె రాసిస్తేనే ఏదైనా పూసుకోవాల. కొంగు కప్పుకోని రా. బస్సోడు హారన్ కొడతా ఉండాడు, పోతా.

జాహ్నవి

నా పుట్టినరోజు ఫోటోలో నీ మంగును ఫోన్లోనే తుడిచేసి డీపీ పెట్టింది నేనే. దాన్ని చూసి అవ్వ, "నీ పక్కన ఎవురు పాపా?" అనింది. కన్నకూతుర్నే గుర్తుపట్టలేదని నేను నవ్వినా. నువ్వు లేచి లోపలికి పోతివి. ట్యూబు తగ్గింది ఆ పొద్దునించే. ఇప్పుడు అది తీసేసి అసలుది పెట్టినా. అవ్వకు చూపించు.