మాట ఇచ్చి విడిపించుకున్న టోపీ

గోర్నా జెలెనిక పట్టణం, పై బజారు, పదకొండో నంబరు ఇంట్లో కాపురముంటున్న నేను, మీతో అనే ఆయన కొడుకు జహరి ద్రాందరోవ్‌ను, వయస్సు డెబ్బై తొమ్మిది, మూడు దఫాలు ఈ జిల్లా తరఫున శాసనసభ్యుడిగా పనిచేసి ప్రస్తుతం ఏ పనీ లేనివాడిని, ఈ దిగువ సంగతులన్నీ ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా నా చేత్తో రాస్తున్నాను. చెవులు సరిగా వినపడవు. మోకాళ్ళు మాట వినవు. బుద్ధి మాత్రం స్థిరంగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం దీనికి జత చేశాను. నా జీవితంలో చేసిన చెడ్డ పనులన్నీ ఇదే స్థిరబుద్ధితో చేశాను గనుక, ఈ ఒక్క పనికి మతి తప్పిందని ఎవరూ కొట్టిపారేయడానికి వీల్లేదు.

2011లో పార్టీ గుర్తున్న కాగితం మీద నేను రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. అందులో మంచి మాటలు చాలా ఉన్నాయి. నిజం లేదు.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా అన్న కూతురు, వకీలు రలిత్సకు అప్పగిస్తున్నాను. "బాబాయ్, దీన్ని కూడా ఎన్నికల ప్రసంగంలా సాగదీయకు, చచ్చిపోతాం వినలేక" అని ముందే హెచ్చరించింది. ప్రయత్నిస్తాను. నేను పోయిన రోజు సాయంత్రమే, సమాధి కంటే ముందు, నోటరీ గదిలో దీన్ని ఒక్క ముక్క వదలకుండా చదవాలి. ఎదురుగా నా భార్య ఇస్క్రా, సభలో నా పక్క సీటులో కూర్చున్న వెల్కో తోప్చియెవ్ ఇద్దరూ ఉండాలి. వెల్కో ఉన్న గదిలో కూర్చోనని ఇస్క్రా అంటుంది. ఆమెకు తలుపు పక్కన కుర్చీ వేయండి. ఆరో అంశం దాకా ఎలాగో కూర్చోబెట్టండి.

1. ఈ ఇల్లు, ఇంట్లో సామాను, కొండవాలు ద్రాక్షతోట, చట్టం ఇస్క్రాకు ఇచ్చే వాటాతో పాటు నాకు మిగిలే భాగం కూడా కలిపి, ఆమెకే చెందుతాయి. ఆమె ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ ఊరి ఆసుపత్రి ప్రసూతి విభాగంలో మంత్రసానిగా పనిచేసింది. మాకు పిల్లలు కలగలేదు. ఊళ్ళో సగంమందిని మాత్రం ముందుగా పట్టుకున్నవి ఆమె చేతులే. రోజూ పొద్దున ఆమె పెట్టే కాఫీ చేదుగా ఉందని నలభై ఎనిమిదేళ్ళు సణిగాను. చేదు కాదు, బాగానే ఉండేది. ఈ మాటను కూడా ఆస్తుల కిందే రాసుకోండి.

2. రిబ్బన్లు కోసిన కత్తెరలు ముప్ఫై ఒకటి, గాజు బీరువాలో ఉన్నాయి. బాలబడి కప్పుకు ఒకటి, వంతెనకు ఒకటి, ఒకే మంచినీళ్ళ ధారకు మూడు. ఆ ధార మూడుసార్లు ఎండిపోయింది, మూడుసార్లు ప్రారంభించాను. ముప్ఫై కత్తెరలు కుట్టుపని నేర్పే బడికి ఇస్తున్నాను. మిగిలిన ఒకటి, పిడి ఊడినది, మేయరు బొగోమిల్‌కు. ఆ వంతెన తెచ్చింది నేనైతే శిలాఫలకం మీద తన పేరు చెక్కించుకున్నాడు. దాంతో ఆయన గోళ్ళు తీసుకోవచ్చు.

3. ప్రతి సోమవారం మందుల షాపు పైగదిలో కూర్చుని జనం మొర ఆలకించేవాణ్ణి. ఆ నోటుపుస్తకాలు పద్దెనిమిది ఉన్నాయి. వాటిని ఎవరికీ ఇవ్వడం లేదు, పొయ్యిలో వేయండి. మొదటి రెండింటిలో అర్జీలున్నాయి. మిగతావాటిలో ఎక్కువగా కోడిబొమ్మలున్నాయి. ఒక ముసలామె నా చేతి మీదుగా తొంగి చూసి, "ఏంటి నాయనా, నా కొళాయి సంగతి రాస్తున్నావా, కోడిని గీస్తున్నావా?" అంది. రెండూ అన్నాను. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కొళాయి రాలేదు.

4. సభలో నా కాలంలో జరిగిన చర్చల అచ్చు సంపుటాలు ఇరవై రెండు, అట్టలు కట్టించి, 2006లో పట్టణ గ్రంథాలయానికి కానుకగా ఇచ్చాను. దానికీ రిబ్బన్ కోశాను. ఇచ్చేసినవాటిని మళ్ళీ ఇవ్వడానికి లేదు గనుక ఇక్కడ కోరేది ఒక్కటే: ఎవరైనా వాటిని తెరవండి. మా గ్రంథాలయానికి జనం వెళ్ళేది పొయ్యి పక్కన వెచ్చగా పేపరు చూడటానికి. పొగాకు రైతుల తరఫున నేను వేసిన ఓట్లు అందులో ఉన్నాయి. ఏటి మీద ఆనకట్ట వద్దని వేసిన ఓటు ఉంది. మూడు దఫాల్లో నాలుగు వేల పైచిలుకు సార్లు మీట నొక్కాను. దేనికి నొక్కానో సగం నాకే గుర్తులేదు. ఏడో సంపుటంలోది మాత్రం గుర్తుంది.

5. బూడిదరంగు ఉన్ని టోపీ, అలమరలో కొయ్యకు తగిలించి ఉన్నది. దీని సంగతి ఊరందరికీ తెలిసినట్టే ముందు చెబుతాను.

2003 జనవరిలో మంత్రసానుల పండగ నాడు, ఎప్పటిలాగే, ఇస్క్రా పురుడు పోసిన ఆడవాళ్ళంతా మా ఇంటికి వచ్చారు. ఆమె చేతుల మీద నీళ్ళు పోసి, సబ్బూ తువ్వాలూ కానుకగా పెట్టారు. ఆ రోజు మగవాడు గుమ్మం తొక్కకూడదు. తొక్కితే టోపీ లాక్కుంటారు, ఏదో ఒకటి ఇచ్చి విడిపించుకోవాలి. ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని కావాలనే తొక్కాను. ఎన్నికలకు పనికొచ్చే ఫొటో అది. మలీనా అనే పిల్ల, చాకలి షాపులో పనిచేసేది, అప్పుడే కొత్తగా పెళ్ళయినది, బల్ల ఎక్కి నా టోపీ పీకేసింది. "మాకు సారా వద్దు జహరి అన్నా, చాక్లెట్లూ వద్దు! చిన్న ఊళ్ళ ప్రసూతి విభాగాలు మూసేస్తారంట కదా వచ్చే నెల? వద్దని ఓటేస్తానని చెప్పు, అప్పుడిస్తాం నీ టోపీ!" అంది. ఆడవాళ్ళంతా గరిటెలతో పళ్ళేలు వాయించారు. గుండె మీద చెయ్యేసి మాటిచ్చాను. టోపీ ఇచ్చారు. ఇస్క్రా తడి చేతులతోనే దాన్ని నా తల మీద సర్దింది. ఆ ఫొటో పేపర్లో వచ్చింది.

ఫిబ్రవరి ఇరవైన బిల్లు ఓటుకు వచ్చింది. పేర్ల జాబితాలో నా పేరు పక్కన 'అనుకూలం' అని పడింది. ఆ సమయానికి నేను బయట వసారాలో మన ఊరి బడిపిల్లలతో మాట్లాడుతున్నానని, నా ఓటు కార్డు బల్ల మీది యంత్రంలోనే ఉండిపోయిందని, పక్క సీటులోని వెల్కో నా మీట నొక్కేశాడని ఊరికి చెప్పాను. లేనివాడి మీట పక్కవాడు నొక్కడం మాలో మామూలే గనుక అందరూ నమ్మారు. ఆ వేసవిలో విభాగానికి తాళం పడింది.

6. పైన చెప్పినది అబద్ధం. ఆ మీట నేనే నొక్కాను.

ఏడో సంపుటం, అరవై ఒకటో పేజీ చూడండి. ఓటింగ్ మొదలైనట్టు సభాపతి ప్రకటించిన వాక్యానికి సరిగ్గా కింద ఇలా ఉంది: "జహరి ద్రాందరోవ్ (తన స్థానం నుంచి): ఎవరయ్యా అక్కడ, ఆ కిటికీ మూయండి, గాలి కొడుతోంది!" వసారాలో ఉన్నవాడికి హాల్లో గాలి కొట్టదు. బడిపిల్లలు వచ్చింది మర్నాడు. పుస్తకాలు ఊరికిచ్చిన ఏడాదికి గానీ ఆ వాక్యం నేను చూడలేదు. చూసి, ఏడో సంపుటాన్ని సంచీలో వేసుకుని మెట్ల దాకా వచ్చాను. గ్రంథాలయం చూసుకునే అమ్మాయి వెనకాలే వచ్చి, "చదువుకోడానికి తీసుకెళ్తున్నారా సార్? భలే, వాటికి మొదటి పాఠకుడు మీరే!" అని సంబరపడింది. వెనక్కి పెట్టేశాను. నా సాక్ష్యం పదిహేడేళ్ళుగా అక్కడే దుమ్ము తింటోంది.

ఎందుకు నొక్కానంటే, ముందురోజు మా పార్టీ నాయకుడు సభలోని ఆరోగ్య సంఘం అధ్యక్ష పదవి నాకే అన్నాడు. ఇచ్చాడు కూడా. పద్నాలుగు నెలలు అనుభవించాను. కిటికీలకు తెరలున్న కారు, తలుపు మీద ఇత్తడి పలక. ప్రసూతి విభాగం మూయించినవాడు ఆరోగ్య సంఘానికి అధ్యక్షుడు. ఇందులో నవ్వొచ్చే సంగతి ఏదన్నా ఉంటే ఎవరైనా నవ్వుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

నొక్కగానే వెల్కో నా వేలు చూశాడు. "ఏంట్రా, చెయ్యి జారిందా? లేచి చెప్పెయ్, ఈ పూటే సరిచేస్తారు" అన్నాడు. జారలేదన్నాను. వాడు కూడా అనుకూలంగానే వేశాడు, కానీ దాచలేదు. మన బజారులో నిలబడి, "ఏడాదికి నూరు కాన్పులు లేవు, డాక్టరు రాడు. నేను అనుకూలంగానే నొక్కాను. తిట్టాలనుంటే ఇక్కడే తిట్టండి" అన్నాడు. దానికి నాలుగు రోజులు తిట్టి ఊరుకునేవారు. మరొకడి ఓటు దొంగిలించినవాణ్ణి మాత్రం ఎవరూ క్షమించలేదు. వాడు వృత్తికి పశువుల డాక్టరు. వాడి ముందు ఆవులు ఈనుతుంటే కూడా పక్క ఊరి డాక్టరును పిలిపించారు. రెండేళ్ళకు ఊరొదిలి చెల్లెలి ఇంటికి పోయాడు.

ఆ అబద్ధం ముందుగా ఇస్క్రాకే చెప్పాను. శుక్రవారం నేను ఇంటికొచ్చేసరికి జాబితా అచ్చయిన పేపరు బల్ల మీద పరిచి, "ఇదేంటి జహరీ? నీ పేరు పక్కన ఇది పడిందేంటి?" అని అడిగింది. కోపంగా కూడా అడగలేదు. అచ్చు తప్పేమో అన్నట్టు అడిగింది. ఆ మొహం చూసి వెల్కో పేరు చెప్పేశాను. ఊరికి చెప్పింది ఆ తర్వాత, చెప్పిన మాటను నిలబెట్టుకోడానికి.

మూడో చలికాలం మలీనాకు నొప్పులొచ్చాయి. జిల్లా ఆసుపత్రికి వెళ్ళాలంటే కనుమ దాటాలి. మంచు పడుతోంది. ఇస్క్రా అప్పటికి పింఛను మీద ఉంది, అయినా పిలవగానే లారీ ఎక్కింది. కనుమ మీదే బిడ్డ పుట్టింది, బతకలేదు. మర్నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చి, కోటు విప్పకుండా కుర్చీలో కూలబడి, "ఆ మీట నొక్కినోడి వేలు పడిపోను" అంది. ఆమె నోట శాపం విన్నది ఆ ఒక్కసారే. నేను సూప్ తాగుతున్నాను. ఆ వేలు చెంచా పట్టుకుని ఉంది. తాగడం ఆపలేదు.

బతికుండగా ఎందుకు చెప్పలేదని ఇస్క్రా అడుగుతుంది. రోజూ చెబుదామనే కూర్చునేవాణ్ణి. ఎదురుగా ఆమె రొట్టె కోసి, మెత్తని ముక్క నా వైపు జరిపేది. పిరికివాణ్ణి, ఇస్క్రా. ఇంతకంటే గౌరవమైన మాట నా దగ్గర లేదు.

7. ఏటి ఒడ్డు రేగుతోట, సారా కాచే రాగి బట్టీ, ఓక్ పీపాలు రెండు, అన్నీ వెల్కో తోప్చియెవ్‌కు. అతను మాకు కుమ్, అంటే పెళ్ళిపెద్ద. మా పెళ్ళిలో మా తలల మీద కిరీటాలు మార్చినవాడు, మాలో రక్తబంధువు కంటే ఎక్కువ. నా అబద్ధం తెలిసిన వారానికి ఒక్కసారే ఫోన్ చేశాడు. "ఒరేయ్, మీ పెళ్ళికి పెద్దగా నిలబడ్డాను. ఇప్పుడు నోరు తెరిచి మీ కాపురం కూల్చమంటావా? ఇస్క్రా నన్నసహ్యించుకుంటే భరిస్తాను. నిన్నసహ్యించుకుంటే ఆవిడ ఎక్కడికి పోతుందిరా?" అన్నాడు. ఆపైన మాట్లాడలేదు. పెద్ద ఉపవాసాలకు ముందు ఆదివారం కుమ్ ఇంటికి వెళ్ళి మన్నించమని అడగడం మా ఆచారం. ఇరవై ఒక్క ఏళ్ళుగా ప్రతి ఏడూ ఆ ఆదివారం నాకు జ్వరం వచ్చింది. ఈ గదిలో, ఇప్పుడు, ఇస్క్రా ముందు అడుగుతున్నాను: మన్నించు, కుమ్. అలవాటుగా వెంటనే సరే అనకు.

8. అయిదో అంశంలోని టోపీ మలీనాకు ఇవ్వాలి. ఇచ్చిన మాట చెల్లించలేదు గనుక అది ఏనాడూ నాది కాలేదు. ఆమె తీసుకోకపోతే, మూసిన ప్రసూతి విభాగం తలుపు గడియకు తగిలించి రండి. నన్ను టోపీ లేని తలతో పూడ్చండి.

9. నా చావు కాగితం. ఫొటో వేసి, ఇంటి తలుపుకీ స్తంభాలకీ బస్సు స్టాపులోనూ అతికించే ఆ కాగితం మీద ఏం రాయాలో పార్టీవాళ్ళు అప్పుడే సిద్ధం చేసి ఉంటారు, 'ప్రజల మనిషి' అని. అది వద్దు. నేను రాసిన మాటలే అచ్చు వేయాలి: "జహరి ద్రాందరోవ్. 2003 ఫిబ్రవరి 20న తన చేత్తో అనుకూలంగా ఓటు వేశాడు. వెల్కో తోప్చియెవ్ నిర్దోషి." ఫొటో ఆ టోపీ పెట్టుకున్నది వేయండి. మొదటి రోజు, నలభయ్యో రోజు, ఏడాది నాడు, మూడుసార్లూ ఇదే. మొదటిది వెల్కో వదిలిపోయిన ఇంటి తలుపుకు అతికించాలి.

కాగితం అడుగున 'దుఃఖిస్తున్నవారు' అని వేసి, దాని పక్కన భార్య పేరు వేయడం వాడుక. అక్కడ ఎవరి పేరూ వేయకుండా ఖాళీ గీత వదిలి, అచ్చుకు పంపే ముందు ఇస్క్రాకు చూపించండి. చేతికి కలం ఇవ్వండి. తొందరపెట్టకండి. ఆమె ఏమీ రాయకుండా తిరిగి ఇచ్చేస్తే, ఆ గీత ఖాళీగానే అచ్చు వేయండి.

ఇది గోర్నా జెలెనికలో, 2024 అక్టోబరు 14, సోమవారం నాడు, నా కుడిచేతి బొటనవేలి ముద్ర కూడా వేసి ముగించాను. చేత్తో రాసిన వీలునామాకు మా చట్టంలో సాక్షులు అక్కర్లేదు. నా ఒక్కడి మాట చాలదని నాకు తెలుసు గనుక పిలిపించాను.

(సంతకం) జహరి మీతోవ్ ద్రాందరోవ్

సాక్షులు:
స్పస్కా గెర్గినోవా, పట్టణ గ్రంథాలయం (ఏడో సంపుటం, అరవై ఒకటో పేజీ నా కళ్ళతో చదివాను)
లాజర్ కిత్సోవ్, మందుల షాపు యజమాని