వెయ్యి అని రాసిన లైను

జూన్ 3, మంగళవారం
కొత్త బోర్డు వచ్చింది. దాని మీద రెండు చిప్‌లు పక్కపక్కనే, మధ్యలో సన్నటి రాగి గీతలు. కేబుల్ లేదు, ఊడేదీ లేదు. అవతల ఎవరైనా ఉన్నారా అని అడిగే ఏర్పాటూ లేదు. అందుకని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కోసం మనమే ఫైల్లో రాసి పెట్టాలి — ఇద్దరూ ఎప్పుడూ కలిసే ఉన్నారు, వేగం వెయ్యి. రాశాను. ఇక సిస్టమ్ జన్మలో అనుమానించదు. భలే నమ్మకం.

మధ్యాహ్నం యాదగిరన్నతో భోజనం. ల్యాబ్‌లో బోర్డుల మీద చిప్‌లు సోల్డరింగ్‌తో అతికేది ఆయనే. ఆయన జొన్నరొట్టె, నా పప్పుచారు. "జర ఉప్పు ఎక్కువైంది సునీతమ్మా" అంటూనే గిన్నె ఖాళీ చేశాడు. రూమ్మేట్‌కి పెళ్ళయి వెళ్ళిపోయాక ఇంట్లో నాతో మాట్లాడేది కుక్కర్ ఒక్కటే. రోజు మొత్తానికి ఈ అరగంటే.

జూన్ 5
లింక్ ఉందంటోంది స్క్రీన్. పంపిన డేటా ప్యాకెట్లు నాలుగు వేలు దాటాయి. వచ్చినవి సున్నా.

కాల్‌లో మేనేజర్ — "లింక్ అప్ అని చూపిస్తోంది కదండీ, అంటే డ్రైవర్ ఓకే. సోల్డరింగ్ చూడమనండి." అమ్మయ్య అనుకున్నాను. అవును, అదే అనుకున్నాను.

జూన్ 6
అన్న పొద్దుటి నుంచీ భూతద్దం కింద ఒక్కో పిన్నూ మళ్ళీ అతుకుతున్నాడు. "నా చేతుల తప్పు లేదమ్మా. జర నీ ఫైల్ గూడ చూడరాదు?" చూస్తానన్నాను. చూడలేదు... పదేళ్ళుగా రాస్తున్న లైను, అందులో చూడ్డానికేముంది.

జూన్ 8, ఆదివారం
ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం చందానగర్ మార్కెట్‌లో వంకాయలు బేరమాడాను, అక్కర్లేకపోయినా.

జూన్ 9
అన్న టేబుల్ ఖాళీ. కాంట్రాక్టు మనిషి కదా, చెప్పాపెట్టకుండా గచ్చిబౌలి బిల్డింగ్‌లో స్టోర్స్‌కి పంపేశారు. బోర్డు పాడు చేశాడట. అంత సన్నపని చేసిన చేతులతో ఇప్పుడు పాత మానిటర్లు మోస్తాడు.

ఒక్కదాన్నే తిన్నాను. ఉప్పు ఎక్కువైందో లేదో చెప్పేవాళ్ళు లేరు.

జూన్ 10
ఇవాళ ఫైలు తెరిచాను. ఆ లైను పాత బోర్డు ఫైలు నుంచి ఎత్తి పెట్టింది. పాతదాంట్లో అవతలి చిప్ వేగం వెయ్యి. ఇందులో దానికి చాతనయ్యేది వందే. అడిగి చూసుకునే ఏర్పాటు లేదు కాబట్టి ఇది ఎవరికీ తెలియదు. వంద అని మార్చాను. వచ్చినవి — ఒకటి, ఏడు, నలభై... సంతోషం పట్టలేక "అన్నా" అంటూ పక్కకి తిరిగాను. ఖాళీ టేబుల్.

ఎవరికీ చెప్పలేదు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుని, సాయంత్రం బస్సెక్కి వచ్చేశాను.

జూన్ 11
అన్నం సహించలేదు. అందరికీ మెయిల్ పెట్టాను. తప్పు నా ఫైల్లో ఉంది, సోల్డరింగ్‌లో కాదు అని.

మేనేజర్ ఫోన్ — "ఇలాంటివి అవుతూనే ఉంటాయి సునీత గారూ. సరిచేసేశారు కదా." అన్నని వెనక్కి పిలవండి అన్నాను. "ఆయన్ని పంపిన వెండర్ కంపెనీతో మాట్లాడాలండీ... చూద్దాం."

తప్పు చేసినా నా కుర్చీ నాకే ఉంది. సిగ్గేస్తోంది.

జూన్ 12
అన్నకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"జర చూడమని అడిగిన గదమ్మా."

అంతే, పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. కాలింది మాత్రం ఆయన చేతులు.

జూన్ 13
మెసేజ్ — క్షమించన్నా. చదివాడు.

జూన్ 16
మేనేజర్ ఇంకా "చూద్దాం" దగ్గరే. అన్నకి ఆ సంగతే రాశాను, రోజూ అడుగుతున్నానని. ఇదీ చదివాడు. అటు నుంచి ఏమీ లేదు.

రాయదుర్గం మెట్రో మెట్ల మీద ఇంతమంది... ఒక్కరినైనా ఆపి మాట్లాడాలనిపించింది. ఏం మాట్లాడతాను.

జూన్ 17, మంగళవారం
పొద్దున్నే మూడోది పెట్టాను. ఒంటిగంటకి గచ్చిబౌలి గేటు దగ్గర ఉంటాను, పప్పుచారు తెస్తున్నాను, రావాలనిపిస్తేనే రా అన్నా. నీలం టిక్కులు పడ్డాయి. అవతల మనిషి ఉన్నాడు. అంతవరకే తెలుస్తోంది.

పంపినవి మూడు. వచ్చినవి సున్నా.

బాక్సులు రెండు కట్టాను. ఉప్పు తగ్గించాను.